కుదురున్న వెంట్రుక

పోయిన వారం మనం కోడలిని కొట్టు వెనక గది తలుపు ముందు, చేతిలో మారుతాళంతో నిలబెట్టి ఎవరి పనికి వాళ్ళం వెళ్ళిపోయాం. వారం రోజులుగా ఆవిడ అలాగే నిలబడి ఉందన్నమాట. ఇంకా ఆలస్యం చేస్తే పాపం తగులుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని తలుపు తీయిద్దాం.

అది విగ్గుల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో పని గది, అదే ఈ వెనక గది. యజమాని ఆమె భర్త. మాట పొదుపు మనిషి. పెళ్ళిపందిట్లోనే మరదళ్ళు అతనికి ముంగి అని పేరు పెట్టేశారు. ఆ పేరు ఎంత బాగా అతికిపోయిందంటే, కోడలు కూడా మనసులో అతన్ని అలాగే పిలుచుకుంటుంది. ఆమెదీ అదే పని. సన్నటి వలలో కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకా ముడి వేయడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఆ పని నేర్పింది అత్తగారు.

ఇలాంటి ఇంట్లో మగవాడి చొక్కా మీద ఆడదాని వెంట్రుక కనిపించడం విశేషమేమీ కాదు. వడ్రంగి చొక్కాకి రంపపు పొట్టు అంటుకున్నట్టే అదీను. కానీ ఆ మధ్య బట్టలు ఉతుకుదామని తీస్తుంటే ముంగి కాలరు మీద దొరికిన వెంట్రుక సంగతి వేరు. పొడుగ్గా, నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. చివర ఆవగింజలో పదో వంతు ఉంటుందో లేదో, తెల్లటి కుదురు ఉంది. కొట్టుకి వచ్చే జుట్టంతా కత్తిరించిన జుట్టు. దానికి కుదురుండదు. కుదురుందంటే అది ఎవరి తలమీంచో ఊడిపడిందని అర్థం. ఇంకో ఇల్లాలైతే వెంట్రుక చూడగానే ఏడ్చేది. ఈమె భూతద్దం పెట్టి చూసుకుని మరీ ఏడ్చింది.

అత్తగారిది నెరిసిన జుట్టు. తనది భుజాలు దాటదు. ఈ నల్లటి బారెడు వెంట్రుక ఎవరిదని అడిగితే, కొట్టులో జుట్టు ఉండదా అన్నాడు ముంగి. కొట్టులో జుట్టుకి కుదురుండదు కదా అంది ఆమె. అంతే, అతని నోరు మూతపడిపోయింది. ఆ మౌనమే ఆమె కొంప ముంచింది. ఆ పైన ఒకటి కాదు, మరో నాలుగు దొరికాయి. సెలవు రోజు మధ్యాహ్నం అతను కొట్టు షట్టరు దించేసి వెనక గదికి లోపల్నించి తాళం వేసుకోవడం, సరిగ్గా అదే వేళకి అత్తగారు కునుకు తీస్తానంటూ తన గది తలుపు వేసుకోవడం ఆమె కంటబడ్డాయి. తల్లీ కొడుకూ కూడబలుక్కున్నారని ఆమెకి ఖాయమైపోయింది. తమ ఇంట్లో మేడ మీద గది ఖాళీగా ఉంది, వచ్చెయ్యమంది ఆమె అక్క. ఈమె సంచి సర్దుకుంది. వెళ్ళేముందు ఆ ఆడదాని మొహం ఒక్కసారి చూసి వెళ్దామని మారుతాళం తెచ్చుకుంది. లోపల్నించి ముంగి గొంతు వినిపించింది. కొంచెం వంచు, అంటున్నాడు ఎవరితోనో, ఎంతో ముద్దుగా.

ఆమె తాళం తిప్పింది.

తలుపు తెరుచుకోగానే ముందు కనిపించింది ముంగి వీపు. అతని ముందు కుర్చీలో ఎవరో ఆడమనిషి ఇటు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఆమె తల నున్నగా ఉంది. ఒక్క వెంట్రుక లేదు. ఆ బోడి తల చుట్టూ ముంగి కొలత టేపు పట్టుకుని, చెవి వెనకాల వేలితో అదిమి ఉన్నాడు. మసక అద్దాల కిటికీలోంచి పడే ఎండలో ఆ తల పసిపిల్లల తలలా లేతగా కనిపిస్తోంది. మెడ మీద నరాలు మాత్రం పెద్ద వయసువి.

కోడలికి బుర్ర పనిచేయలేదు. నల్లటి బారెడు జుట్టున్న ఆడదాన్ని చీల్చి చెండాడడానికి మాటలన్నీ పోగేసుకుని వచ్చింది. వాటిలో ఒక్కటీ ఈ తలకి సరిపోదు. చూపు పక్కకి తిరిగింది. బల్ల మీద చెక్క తలకి ఒక విగ్గు తొడిగి ఉంది. నెరిసిన జుట్టు, వదులుగా చుట్టిన కొప్పు, ఎడమ చెవి పక్కన ఎప్పుడూ జారిపోయే ఒక పాయ. ఆ పాయని పొద్దున కాఫీ ఇస్తూ చూసింది. ఆమె ముందు గుర్తుపట్టింది మనిషిని కాదు, జుట్టుని.

“అత్తయ్యా?”

కుర్చీలో మనిషి ఉలిక్కిపడి రెండు చేతులూ తలమీద కప్పుకుంది. ఆ చేతులు తలని ఎంతని దాస్తాయి? కాసేపటికి వాటిని తనే దించేసింది. ఇటు తిరగకుండానే అంది.

“తలుపు వేసెయ్యమ్మాయ్. తల మీద చల్లగాలి కొడుతోంది.”

ఆమె తలుపు వేసింది. వేసి అక్కడే దానికి జేరబడింది. గదిలో ఆ మూల, ఎప్పుడో మేకులు కొట్టి మూసేశామని పెళ్ళయిన కొత్తలోనే చెప్పిన తలుపు బార్లా తెరిచి ఉంది. దాని అవతల అత్తగారి మంచం, మంచం మీద మడతపెట్టిన దుప్పటి. కునుకు తీయడానికి వెళ్ళిన మనిషి ఏ దారిన ఇక్కడికి వచ్చిందో అర్థమైంది. బల్ల మీద ఒక పాత దిండు గలీబు మూతి తెరుచుకుని ఉంది. దాని నిండా నల్లటి జుట్టు. దాని పక్కన పరిచిన గుడ్డ మీద కొన్ని పోగులు విడిగా పెట్టి ఉన్నాయి. ప్రతి పోగుకీ ఒక చివర తెల్లటి కుదురు ఉంది.

ఆమె దగ్గరికొచ్చి ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి చూసింది. అదే.

“ఇది... అత్తయ్యదా?”

“నాదే,” అంది అత్తగారు. “ఇప్పటిది కాదులే. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లోది.”

కోడలు ముక్కాలిపీట మీద కూలబడింది. ఏడుద్దామనుకుంది. ఏడుపు గొంతు దాకా వచ్చి, అక్కడేం జరిగిందో ఏమో, నవ్వయి బయటికొచ్చింది. నవ్వు ఆపుకోబోతే ఏడుపొచ్చింది. ఆ రెండిటి మధ్యా కొట్టుకుంటూ ముక్కు చీదుకుంటూ, నేనేమనుకున్నానో తెలుసా అత్తయ్యా అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. కాలరూ, భూతద్దం, అక్క, మేడమీద గది, ఏదీ దాచలేదు. వింటున్నకొద్దీ ముంగి మొహం పాలిపోయింది. అత్తగారి మొహం మాత్రం వికసించింది.

“నా కొడుక్కా? రెండో ఆడదా?” అందావిడ. “కట్టుకున్నదానితో నాలుగు మాటలు మాట్లాడమంటేనే నోరు రాదు వాడికి. ఇంకొకత్తెని ఏం పెట్టి పోషిస్తాడే, మౌనమా?”

ముంగి టేపు చుట్టి చుట్టి విప్పుతున్నాడు. కోడలికి మళ్ళీ నవ్వొచ్చింది. గుండెల మీంచి రోకలిబండ దించినట్టుంది ఆమెకి. అన్నం సహించక, నిద్ర పట్టక, ఈ మనిషి పక్కన పడుకోవడానికే ఒళ్ళు జలదరించి గడిపిన రోజులన్నీ ఒక్కసారిగా అర్థం లేనివైపోయాయి. అతను తనవాడే. ఆ మాట లోపల పదిసార్లు అనుకుంది. ఎన్నిసార్లు అనుకున్నా తీపి తగ్గలేదు.

ఆ తరవాత జరిగిందంతా అత్తగారే చెప్పుకొచ్చింది. మధ్య మధ్యలో ముంగి తలూపాడు, ఒకటి రెండుచోట్ల నోరు కూడా విప్పాడు. మామగారు పోయిన మరుసటి ఏడు ఆవిడకి జుట్టు రాలడం మొదలైందట. దువ్వెన పెడితే గుప్పెడు, దిండు మీద గుప్పెడు. ఎంతమంది డాక్టర్లకి చూపించినా, మనసు బాగా కలత పడితే కొందరికి ఇలా అవుతుందన్నారే తప్ప ఆపలేకపోయారు. రాలినదాన్ని పారేయడానికి ఆవిడకి చేతులు రాలేదు. జుట్టుతో బతికే ఇల్లు కదా. కుదుళ్ళన్నీ ఒక వైపు, కొసలన్నీ ఒక వైపు వచ్చేలా సర్ది దిండు గలీబులో దాచింది. తల ఖాళీ అయ్యేసరికి గలీబు నిండింది. మొదటి విగ్గు ఆ జుట్టుతో తనే కట్టుకున్నానంది. అది పాడయ్యాక కొడుకుని పిలిచి, ఒట్టు వేయించుకుని, రెండోది కట్టమంది.

“ఈ తల మీదే చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాను,” అంది నెత్తి తడుముకుంటూ. “జారిపోకుండా గట్టిగా పెట్టరా అని కూడా అన్నాను.”

కోడలికి ఒళ్ళు మండాల్సిన చోటు ఇది. మండింది కూడా, కాకపోతే అత్తగారి మీద కాదు, తన మీదే. విగ్గు పెట్టుకున్నవాళ్ళని రోడ్డుకి ఆ చివర్నించి పసిగట్టగలనని ఆమెకి పెద్ద పేరు. బస్సులో ముంగీ తనూ ఆడుకునే ఆట అదొక్కటే. ఎవరైనా కనిపిస్తే అతను మోచేత్తో పొడుస్తాడు, ఆమె అవునంటూనో కాదంటూనో కళ్ళతో చెప్పాలి. ఎప్పుడూ తప్పలేదు. ఇంట్లో మాత్రం, పనికి కుదిరిన పిల్లలందరికీ అత్తగారిని కూర్చోబెట్టి, నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే తీరు చూడండి, దేవుడు చేసిన పని ఇది, మన చేతులకి ఈ జన్మలో రాదు అని పాఠం చెప్పేది. ఆ పాఠం జరుగుతున్నంతసేపూ ముంగి ఏదో వెతుక్కుంటున్నట్టు బల్ల కిందకి ఎందుకు దూరేవాడో ఇప్పుడు తెలిసింది.

“కానీ నెరుస్తూ వచ్చింది కదండీ,” అంది ముంగితో. “నా కళ్ళ ముందే నెరిసింది. విగ్గు నెరవడం ఎక్కడైనా ఉందా?”

అప్పుడు ముంగి, బహుశా వాళ్ళ కాపురంలో అన్నిటికంటే పొడుగైన మాట మాట్లాడాడు. “విగ్గుకి వయసు రాదు. అదే దాన్ని పట్టిస్తుంది. అందుకే ఆ వయసు నేనే తెప్పించాను. సెలవుకోసారి కాసిని నల్లవి తీసి తెల్లవి ముడి వేస్తాను. నల్లవి పాడైతే గలీబులోవి కుదురు తుంచి మారుస్తాను. తుంచకముందే కొన్ని చొక్కాకి అంటుకుంటాయని తెలీదు నాకు.”

కోడలు అతని వేళ్ళ వైపు చూసింది. మొద్దు వేళ్ళు. కొట్టులో నాజూకు పనంతా తనకే వదిలేసేవాడు. ఆ వేళ్ళతోనే సెలవు తరవాత సెలవు, తల్లికి ఒక్కొక్క తెల్ల వెంట్రుకా నాటుతూ కూర్చున్నాడు. మామూలు ఆడవాళ్ళకి కాలం ఊరికే చేసి పెట్టే పని ఇతను తల్లికి చేత్తో చేసిపెట్టాడు. ఆమెకి అతని మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది. ఆ వెనకే కోపం కూడా వచ్చింది.

“ఆ రోజు నేనడిగినప్పుడు, ఒట్టు ఉంది, చెప్పలేను, కానీ నువ్వనుకునేది మాత్రం కాదు అని ఒక్క ముక్క అనుంటే చాలదా?” అంది. “ఒట్టు అత్తయ్య సంగతి చెప్పకూడదని. నన్ను చంపుకు తినమని కాదు కదా.”

“అనాల్సింది,” అన్నాడు ముంగి. “నువ్వేమనుకుంటున్నావో నాకు తట్టలేదు. తట్టుంటే ఒట్టు తీసి గట్టున పెట్టేవాణ్ణి.”

ఈ తప్పులో తన వాటా కూడా ఉందంది అత్తగారు. “నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో నా వెనక నిలబడి, అత్తయ్యా, మీ జుట్టులో సగముంటే చాలు నాకు అన్నావు. గుర్తుందా? అప్పటికి నన్ను మెచ్చుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదమ్మా. అది పోగొట్టుకోవాలనిపించలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఇంత దూరం తెచ్చాను.”

కోడలు లేచి వెళ్ళి ఆవిడ తలమీద చెయ్యి వేసింది. వెచ్చగా, మెత్తగా ఉంది. అత్తగారు బిగుసుకుని, తరవాత మెల్లిగా మెడ వదులు చేసి ఆ చేతికి తలని ఆనించింది. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ అంత దగ్గరగా ఎప్పుడూ లేరు.

ఆమె వెంట తెచ్చిన సంచి తలుపు పక్కన ఉంది. ముంగి దాన్ని అప్పుడు చూశాడు. దాని వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశాడు.

“వెళ్ళిపోతున్నావా?”

“వెళ్ళాలనే వచ్చాను,” అంది ఆమె. “ఉంటాను. కానీ ఒక్క మాట. నాకు తెలీకుండా ఈ ఇంట్లో ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి. ఎంత పెద్దదైనా పడతాను. తలుపు బయట నిలబడి ఊహించుకోవడం మాత్రం ఇంకోసారి నా వల్ల కాదు. నేనూ ఏదీ దాచను. మీరూ దాచద్దు.”

“లేదు,” అన్నాడు ముంగి వెంటనే. “నా దగ్గర ఇంకేమీ లేదు. నిజం.”

అతని మొహం చూస్తే చిన్నపిల్లలైనా నమ్ముతారు. అత్తగారు ఒళ్ళో తుండుగుడ్డని మడతపెడుతోంది. అది మడతపెట్టిన గుడ్డే, మళ్ళీ విప్పి పెడుతోంది. కోడలు అది గమనించింది గానీ, అంత సంతోషంలో పట్టించుకోలేదు.

ముంగి సంచి భుజాన వేసుకున్నాడు. బట్టలు బీరువాలో తనే సర్దుతానన్నాడు, టీ కూడా తనే పెడతానన్నాడు. ఆడవాళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. అతను టీ పెడితే తాగడం కష్టం, కానీ ఇవాళ మాత్రం తాగేయాలని ఇద్దరూ కళ్ళతోనే ఒప్పందం చేసుకున్నారు. లోపలికి వెళ్తూ ఏదో పాట కూనిరాగం తీశాడు. అతనికి పాట వచ్చన్న సంగతి కూడా ఇవాళే తెలిసింది ఆమెకి.

“ఇక మీదట ఇది నేను చూసుకుంటాను అత్తయ్యా,” అంది కోడలు, చెక్క తల మీది విగ్గుని వేళ్ళతో సవరిస్తూ. “పని బానే ఉంది గానీ, పాపిడి దగ్గర ముళ్ళు కాస్త లావయ్యాయి.”

“వద్దన్నానా? వాడి వేళ్ళకి నా ప్రాణం విసిగిపోయింది,” అని నవ్వింది అత్తగారు.

గలీబులో ఇంకా ఎంత జుట్టు మిగిలిందో చూద్దామని కోడలు దాన్ని బల్ల మీద బోర్లించింది. అత్తగారు ఆగు అంటూ చెయ్యి చాచింది, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. పొరలు పొరలుగా నల్లటి జుట్టు జారిపడి, చివర్న అడుగు నించి ఒక పాత విగ్గు దబ్బున పడింది. వల పసుపెక్కిపోయి, చెవుల దగ్గర చినిగి ఉంది. ఇదేనన్నమాట అత్తయ్య కట్టుకున్న మొదటిది, అనుకుంటూ కోడలు దాన్ని మురిపెంగా తిరగేసింది. ఏ పనివాళ్ళయినా ఇంకొకరి పనిని ముందు తిరగేసే చూస్తారు.

ముళ్ళన్నీ ఎడమకి ఒరిగి ఉన్నాయి.

కుడిచేత్తో వేసిన ముడి కుడికి ఒరుగుతుంది. అత్తగారిది కుడిచెయ్యి, ముంగిది కుడిచెయ్యి, అత్తగారి దగ్గర నేర్చుకున్న తనదీ అంతే. ఎడమకి ఒరిగే ముడి ఆమె ఒక్కచోటే చూసింది. కొట్టు అద్దాల బీరువాలో అమ్మకానికి పెట్టని విగ్గు ఒకటుంది. మామగారి ఎడమచేతి పని. ముంగి దాని దుమ్ము తనే దులుపుతాడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. మామగారు జుట్టు కొనడానికి వేరే ఊరు వెళ్ళి అక్కడే జబ్బు చేసి పోయారనీ, తను హాస్టల్లో ఉండి కడసారి చూపుకి కూడా నోచుకోలేదనీ పెళ్ళయిన మొదటి నెలలో ఒక్కసారి చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఈ విగ్గులో జుట్టు, మామగారు పోయాక రాలిన జుట్టు. అత్తగారే కదా చెప్పింది ఇంతకు ముందే. పోయిన మనిషి దీన్ని ఎలా ముడి వేస్తాడు?

కోడలు తలెత్తింది. అత్తగారి మొహంలో ఇందాకటి నవ్వు లేదు. ఆ బోడి తలతో, పెద్దవైపోయిన కళ్ళతో ఆమెనే చూస్తోంది. దాచడానికి ఇక ఏమీ మిగలని మనిషి చూపు అది.

“మామయ్యగారు బతికే ఉన్నారా?” అంది కోడలు, పెదాలు మాత్రమే కదిలిస్తూ.

అత్తగారు మెల్లిగా తలూపింది. వంటింట్లోంచి గ్లాసుల చప్పుడు దగ్గరవుతుంటే, ముందుకి వంగి ఆమె మణికట్టు పట్టుకుంది.

“వాడు చచ్చిపోతాడమ్మా తెలిస్తే. నీకు దణ్ణం పెడతాను.”

ముంగి వచ్చాడు. మూడు గ్లాసులూ ఒకే చేత్తో పట్టుకోబోయి చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. అయినా మొహం వెలిగిపోతోంది. చాన్నాళ్ళుగా మోస్తున్న మూట దించుకున్నవాడిలా, ఉత్తినే నవ్వుతున్నాడు. ఇద్దరినీ చూసి ఆగాడు.

“ఏంటి అలా ఉన్నారు? ఇంకా ఏమైనా మిగిలిందా చెప్పుకోవడానికి?” అన్నాడు వేళాకోళంగా.

కోడలు రాశిపోసిన జుట్టుని రెండు చేతులతో ఎత్తి ఆ పాత విగ్గు మీద కప్పింది. చెయ్యి చాచి గ్లాసు అందుకుంది.

“ఏం లేదండీ,” అంది.

ఆమె మొగుడితో ఆడిన మొదటి అబద్ధం అది. ముంగి నమ్మేశాడు.